ట్యాంకు గోడ సరే, దాని కాళ్ళ సంగతేంటి?

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, అక్కడికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యాంకాక్‌లో ఎత్తైన మేడల మీది స్విమ్మింగ్ పూల్స్ నుంచి నీళ్ళు ధారలు కట్టి కిందికి పడిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో ఏదో ఒక వంకన తిరుగుతూనే ఉంటుంది. ఈమధ్య ఎవరో మళ్ళీ పెట్టారు, ఈసారి కింద ఒక ప్రశ్న తగిలించి: "మన సంపుకి భూకంపం డిజైన్ చేశారా అండీ?" ఇంకేముంది, స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒకడు బిల్డింగులో ఉన్న పాపానికి అందరూ నన్ను ట్యాగ్ చేశారు.

చేశారు. సెల్లార్ కింద ఉన్న ఆ సంపుకి లెక్కలున్నాయి, డ్రాయింగులున్నాయి, కన్సల్టెంట్ సంతకం కూడా ఉంది. అడిగి తెప్పించుకుని చూశాను, పద్ధతిగానే ఉంది. నాకు మింగుడుపడనిది వేరే. నాలుగు వైపులా మట్టి పట్టుకుని, భూమిలో దిగబడి ఉన్న సంపు గురించి ఇంతమందికి బెంగ. మన నెత్తి మీద, టెర్రస్ దాటి, మెట్ల హెడ్‌రూమ్ పైన నాలుగు పొట్టి పిల్లర్ల మీద కూర్చున్న ట్యాంకు గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. దానికి డ్రాయింగే లేదు. బిల్డింగ్ అయిపోవచ్చాక మేస్త్రీకి కొలతలు చెప్పి కట్టించేశారు.

ఇది మా బిల్డింగ్ ఒక్కదాని కథ అయితే ఇంత రాయక్కర్లేదు. నాలుగు మూలలున్న నీళ్ళ ట్యాంకుల విషయంలో మనం భూకంపం లెక్కని అది పెద్దగా తేడా తేని చోట, అంటే గోడల మీద, పేజీలు పేజీలు చేస్తున్నాం. తేడా తెచ్చే చోట్ల, అంటే మూలల్లో, పైపుల దగ్గర, ముఖ్యంగా ట్యాంకు కింది కాళ్ళ దగ్గర, వదిలేస్తున్నాం. ఈ మాట అంటే నా వృత్తిలోని వాళ్ళకే కొందరికి కోపం వస్తుంది, గోడ లెక్క అనవసరం అంటావా అని. అనను. ఆ లెక్కతో పని అయిపోయింది అనుకోవడంతోనే నా పేచీ.

నీళ్ళలో కొన్ని గోడతో కదులుతాయి, కొన్ని మాట వినవు

అమెరికాలోని కాల్టెక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జార్జ్ హౌస్నర్ 1957లో ఒకటి, 1963లో ఒకటి రాసిన పేపర్ల మీదే ఇవాళ్టికీ ఈ లెక్క చాలావరకు నడుస్తోంది. ఆయన చెప్పిన సంగతి ఇది: ట్యాంకు ఊగినప్పుడు కింది భాగంలోని నీళ్ళు గోడలకి అతుక్కున్నట్టు వాటితోపాటే కదులుతాయి, పై భాగంలోనివి తమ సొంత లయలో అటూ ఇటూ ఊగుతాయి. మొదటి వాటాని ఇంపల్సివ్ అంటారు, రెండోదాన్ని కన్వెక్టివ్ అంటారు. సగం నీళ్ళతో పోతున్న వాటర్ ట్యాంకర్ సడన్ బ్రేక్ వేసి ఆగాక కూడా కాసేపు ముందుకీ వెనక్కీ తూలుతుంది చూడండి, ఆ తూగు రెండో రకం.

ఏ వాటా ఎంత అన్నది ట్యాంకు పొడవుకీ నీళ్ళ లోతుకీ ఉన్న నిష్పత్తి తేలుస్తుంది. నాలుగు మీటర్ల పొడవున రెండు మీటర్ల లోతు నీళ్ళున్నాయనుకోండి. పొడవు దిశలో కుదిపితే దాదాపు 54 శాతం నీళ్ళు గోడతోపాటే కదులుతాయి, పైన అల ఒకసారి అటు వెళ్ళి ఇటు రావడానికి 2.35 సెకన్లు పడుతుంది. అదే ఫిల్టర్ బెడ్ల పక్కన శుద్ధి చేసిన నీళ్ళు నిలవచేసే పెద్ద క్లియర్ వాటర్ రిజర్వాయర్, 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల లోతు నీళ్ళు అనుకుంటే గోడతో కదిలేది 29 శాతమే, అల ఊగడానికి 6 సెకన్ల పైనే. పల్చగా, వెడల్పుగా ఉన్న కొద్దీ నీళ్ళు మాట వినవన్నమాట.

దగ్గర్లో వచ్చే మామూలు భూకంపంలో బలమంతా సెకనులోపు వేగంగా ఊగే కంపాల్లో ఉంటుంది. అంత నెమ్మదిగా ఊగే నీళ్ళకి ఆ కంపాలు పెద్దగా తగలవు. బ్యాంకాక్‌లో జరిగింది దానికి తిరగేసింది. వెయ్యి కిలోమీటర్లు ప్రయాణం చేసేసరికి వేగపు కంపాలు దారిలోనే అణిగిపోయి నెమ్మదైనవి మిగిలాయి, ఆ ఊరి కింద ఉన్న మెత్తటి బంకమట్టి వాటిని ఇంకా పెంచింది, పైగా ఎత్తైన మేడలు స్వతహాగానే నెమ్మదిగా ఊగుతాయి. 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతున్న పూల్‌లో పొడవునా ఊగే అలకి 11, 12 సెకన్లు, అడ్డంగా ఊగే అలకి మూడు సెకన్లు పడుతుంది. మేడ ఊపు ఆ మూడు సెకన్ల దరిదాపుల్లోకి వస్తే నీళ్ళు అంచు దాటక ఏం చేస్తాయి? చూడ్డానికి భయంకరంగా ఉంటుంది కానీ, అలా ఒలికిపోయిన పూల్‌లో బరువు కూడా ఒలికిపోయినట్టే. ఐదంతస్తుల మా బిల్డింగ్‌కి ఆ వీడియోతో నిజానికి చుట్టరికం లేదు.

అలల లెక్కని కొట్టిపారేయమని కాదు. పైన చెప్పిన నాలుగు మీటర్ల ట్యాంకుకి మధ్యరకం నేల మీద, హైదరాబాద్ ఉన్న జోన్ 2లో (2002 మ్యాపు దేశాన్ని భూకంప ప్రమాదాన్ని బట్టి 2 నుంచి 5 దాకా జోన్లుగా విడదీసింది), అల సుమారు 15 సెంటీమీటర్లు లేస్తుంది. విజయవాడ ఉన్న జోన్ 3లో 24. ఆ పెద్ద రిజర్వాయర్‌కైతే 29, 46. ఈ అంకెలు ట్యాంకు లోపల నీళ్ళ మట్టానికీ పై స్లాబుకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో చెప్తాయి. మనవాళ్ళు ఓవర్‌ఫ్లో పైపుని స్లాబుకి ఎంత దగ్గరగా కుదిరితే అంత దగ్గరగా పెట్టిస్తారు, నాలుగు బిందెలు ఎక్కువ పడతాయి కదా అని. చోటు లేక అల స్లాబుని కింది నుంచి కొడితే, పై నుంచి బరువు మొయ్యడానికి మాత్రమే కమ్మీ వేసిన ఆ స్లాబుకి కింది నుంచి వచ్చే దెబ్బ సంగతి ఏమీ తెలీదు. ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగింది ఇదొక్కటే: ఓవర్‌ఫ్లో పైపు ఒక జానెడు దించడం.

గోడ అంత నిబ్బరంగా ఎందుకుంటుంది

నీళ్ళ ట్యాంకు గోడ బలం సరిపోక పడిపోవడం అరుదు. దాన్ని డిజైన్ చేసేదే వేరే భయంతో, కారుతుందేమోనని. నీళ్ళు నిలవచేసే కాంక్రీటు కట్టడాల ఐఎస్ 3370 కోడ్ 2009 సంచిక ప్రకారం నీళ్ళ ఒత్తిడికి కమ్మీలో 130 మెగాపాస్కల్స్‌కి (ఒత్తిడి కొలత) మించి లాగుడు రానివ్వకూడదు. పగుళ్ళ వెడల్పు లెక్కగట్టే పద్ధతిలో వెళ్తే 0.2 మిల్లీమీటర్లు దాటకూడదు. మనం వాడే ఎఫ్‌ఈ 500 కమ్మీ సాగడం మొదలుపెట్టేది 500 దగ్గర. అంటే ట్యాంకు నిండా నీళ్ళున్న రోజు కూడా దాని బలంలో నాలుగో వంతు దగ్గరే ఆపేస్తున్నాం. ఆ పైన ఎం30 రకం కాంక్రీటు, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కవరు కాంక్రీటు. మామూలు ఇంటి స్లాబు ఎప్పుడూ చూడని విలాసం ఇది.

పనిచేసే ఒత్తిళ్ళ పద్ధతిలో భూకంపం కలిపి చూసేటప్పుడు అనుమతించే ఒత్తిడిని మూడో వంతు పెంచుకోవడం మనకి ఎప్పటినుంచో అలవాటు. అందుకే భూకంపం వల్ల గోడ మీద పడే అదనం నీళ్ళ మామూలు ఒత్తిడిలో 33 శాతం లోపుంటే గోడ మందం మారదు, కమ్మీ మారదు. ఐఐటీ కాన్పూర్ వాళ్ళు గుజరాత్ విపత్తు నిర్వహణ సంస్థ కోసం తయారుచేసి 2007లో సవరించిన ట్యాంకుల మార్గదర్శకాలు చదివినవాళ్ళకి ఈ తర్కం కొత్త కాదు. అంతకుముందు మన భూకంప కోడ్ ఐఎస్ 1893లో, 1984 సంచికలో, ఎత్తు మీద నిలబెట్టిన ట్యాంకులకే లెక్క ఉండేది, నేల మీది ట్యాంకులకి ఏమీ లేదు. ఐఎస్ 1893 రెండో భాగంగా ట్యాంకుల కోడ్ అచ్చులోకి వచ్చేసరికి 2014 అయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, నా వాదనకి అడ్డొచ్చేదే. రెండు మీటర్ల లోతు నీళ్ళు, 20 సెంటీమీటర్ల గోడ, జోన్ 2, తాగునీటి ట్యాంకు కాబట్టి ఇంపార్టెన్స్ (కట్టడం ఎంత ముఖ్యమో చెప్పే గుణకం) 1.5, నేల మీది ట్యాంకు కాబట్టి ఆర్ విలువ (విరగకుండా ఎంత సాగగలదో చూసి భూకంప బలాన్ని తగ్గించే అంకె) 2 పెడితే గోడ అడుగున ఇంపల్సివ్ ఒత్తిడి నీళ్ళ మామూలు ఒత్తిడిలో ఏడెనిమిది శాతమే వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆపి, "పది శాతం లోపే సార్" అని పేజీ తిప్పేస్తారు. కానీ నీళ్ళ మామూలు ఒత్తిడి అడుక్కి పోయేకొద్దీ పెరిగే త్రికోణం, దాని బలమంతా కిందే ఉంటుంది. భూకంపపు ఒత్తిడి అలా కాదు, పైకి కూడా ఉబ్బుగా ఉంటుంది. గోడ సొంత బరువు వల్ల వచ్చే తోపు అయితే పై నుంచి కిందిదాకా సమానం. బలం ఎంత పైన పనిచేస్తే గోడ పాదాన్ని అంత ఎక్కువ వంచుతుంది. అందుకని ఒత్తిడిలో ఏడెనిమిది శాతం వంపులో పదకొండు అవుతుంది, గోడ సొంత తోపు వాటా మూడు రెట్లై ఏడు శాతం అవుతుంది, అలల వాటా కూడా కలిపితే మొత్తం ఐదో వంతుకి చేరుతుంది. ఇదే గోడ విజయవాడలో ఉంటే 31, 32 శాతం. గీతకి అంగుళం ఇవతల. గువాహటి, భుజ్ లాంటి జోన్ 5 ఊళ్ళలో 70 శాతం, అక్కడ నేను చెప్పేదేదీ చెల్లదు, గోడే మారిపోవాలి.

కాబట్టి గోడ లెక్క చెయ్యాల్సిందే. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ట్యాంకులకి చాలావరకు దాని జవాబు "ఉన్నది చాలు" అనే వస్తుంది, అది తెలుసుకోవడం కూడా అవసరమే. తలనొప్పి ఏంటంటే, ఆ "చాలు" అన్న మాట ట్యాంకు మొత్తానికి వర్తించినట్టు ఫైలు మూసేస్తాం.

మూల దగ్గర వంచిన కమ్మీ

గుండ్రటి ట్యాంకులో నీళ్ళు గోడని బయటికి తోస్తే గోడ చుట్టూ కట్టిన పట్టీలా లాగుడుతో సరిపెట్టుకుంటుంది. నాలుగు మూలల ట్యాంకుకి ఆ సుఖం లేదు. ఒక్కో గోడా వంగాలి, వంగుతూ పక్క గోడని లాగాలి, ఆ లాగుడూ వంపూ రెండూ మూల దగ్గరే చేతులు మారాలి. అయినా ఈ ఆకారమే కడతాం, ఎందుకంటే స్థలం కలిసొస్తుంది, సెంట్రింగ్ తేలిక, మధ్యలో గోడ పెట్టి ఒక అర కడుగుతుంటే ఇంకో అర వాడుకోవచ్చు.

హైదరాబాద్ శివార్లలో ఒక సైట్‌లో నేల మీది ట్యాంకుకి గోడల కమ్మీలు కట్టి, షట్టరింగ్ మూసే ముందు చూడమని పిలిచారు. గోడ కమ్మీలు చక్కగా, దారం పట్టినట్టున్నాయి. మూలకి వెళ్ళి చూస్తే, లోపలి వైపు అడ్డ కమ్మీని లోపలి మూల వెంబడే ఎల్ ఆకారంలో వంచి పక్క గోడలోకి తిప్పేశారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో అంత తప్పు. ట్యాంకు నిండితే ఆ మూల తెరుచుకోవాలని చూస్తుంది, లోపలి కమ్మీ లాగుడులో పడుతుంది, వంచిన కమ్మీని రెండు కొసలు పట్టుకుని లాగితే తిన్నగా కావాలని చూస్తుంది, ఆ తిన్నగా అయ్యే క్రమంలో మూలలో ఉన్న కవరు కాంక్రీటుని ట్యాంకు లోపలికి నెట్టి ఊడగొడుతుంది. చెయ్యాల్సింది, ఒక్కో గోడ లోపలి కమ్మీని మూల దాటించి పక్క గోడ బయటి ముఖం దాకా తీసుకెళ్ళి అక్కడ వంచడం, రెండు గోడల కమ్మీలూ మూలలో ఒకదాన్నొకటి దాటి పోవాలి. లోపలి మూలలో ఆరంగుళాల ఏటవాలు దిమ్మ, అందులో ఐమూలగా ఇంకో కమ్మీ వేస్తే ఇంకా మేలు.

రాడ్ బెండింగ్ మేస్త్రీతో చెప్తే, "ఇట్లనే కడతం సార్ ఎప్పుడైనా, ఇంతవరకు ఎవ్వరు వద్దనలే" అన్నాడు. అతని మాట నిజమే. డ్రాయింగులో గోడ సెక్షన్ ఉంది, కింద రాఫ్ట్ (అడుగు స్లాబు) సెక్షన్ ఉంది, మూలని పై నుంచి చూపించే బొమ్మ లేదు. లెక్కల పుస్తకంలో హౌస్నర్ సూత్రాలు ఆరు పేజీలున్నాయి, మూలకి ఒక్క గీత లేదు. భూకంపంలో ఒకవైపు గోడ మీద ఒత్తిడి పెరిగి, ఎదురు గోడ మీద తగ్గి, మరుక్షణం తిరగబడుతుంటే ఆ అటూ ఇటూ అంతా మూలల ద్వారానే పోతుంది. మేస్త్రీ కాసేపు సణిగి, కమ్మీలు విప్పి మళ్ళీ కట్టాడు. కొత్తగా కోసిన కమ్మీల లెక్క ఎవరి ఖాతాలో వెయ్యాలన్నదాని మీద కాంట్రాక్టర్‌తో ఆ తర్వాత జరిగిన గొడవ ఇక్కడ అనవసరం.

రాఫ్ట్‌తోపాటు పోసే కిక్కర్ (పొట్టి గోడ ముక్క) మీద గోడ కూర్చునే జాయింటు సంగతీ అంతే. జాయింటులో నీళ్ళు కారకుండా పెట్టే వాటర్‌స్టాప్ పట్టీ ఒక పక్కకి ఒరిగిపోయి, కింద చెత్త, బైండింగ్ వైరు ముక్కలు ఊడ్వకుండా కాంక్రీటు పోసేస్తారు. వంపు అన్నిటికన్నా ఎక్కువుండేది సరిగ్గా అక్కడే. పాత ట్యాంకు బయట గోడ పాదం వెంట తెల్లటి ఉప్పు గీత, తడి మరక కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళని పిలిచి పైన రంగు కొట్టించడం మనకి తెలిసిన వైద్యం. ఆ మరక వెనకాల కమ్మీ ఎంత తుప్పు పట్టిందో ఎవరూ చూడరు. కాగితం మీద నాలుగు రెట్లున్న బలం ఆ మరక వెనక ఎంత మిగిలిందో ఏ ఫార్ములా చెప్పదు.

ఇక పైపులు. గోడ పోసేటప్పుడే పడిల్ ఫ్లాంజ్ (చుట్టూ పళ్ళెం అతికిన పైపు ముక్క) పెట్టి పోస్తే సరే. లేకపోతే ప్లంబర్ వచ్చి డ్రిల్లింగ్ మిషన్‌తో గోడ పొడిచి, పైపు దూర్చి, చుట్టూ సిమెంటు కూరి వెళ్ళిపోతాడు, అటు చివర పైపు నేలలోకి బిగుసుకుని ఉంటుంది. నేల ఒకలా, ట్యాంకు ఒకలా కదిలితే తెగేది ఆ పైపే. ట్యాంకు చెక్కుచెదరకుండా నిలబడి, నీళ్ళన్నీ పోవడానికి ఈ ఒక్క చోటు చాలు. 1906 శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం కన్నా ఆ తర్వాతి మంటలు ఊరిని ఎక్కువ తిన్నాయి, నీళ్ళ మెయిన్ పైపులు తెగిపోయి ఆర్పడానికి నీళ్ళు లేకపోయాయి. తాగునీటి ట్యాంకుకి ఇంపార్టెన్స్ 1.5 వెయ్యమనేది భూకంపం అయ్యాక కూడా కుళాయి తిప్పితే నీళ్ళు రావాలని. ఆ 1.5ని గోడ లెక్కలో వేసి, పైపుకి ఒక ఫ్లెక్సిబుల్ జాయింట్ పెట్టకపోతే వేసి ఏం లాభం?

నెత్తి మీది ముప్పై ఆరు టన్నులు

ఐఎస్ 1893 మొదటి భాగం 2016 సంచికలో ఒక చిన్న క్లాజు ఉంది, అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళు ఎంతమంది చదివారో నాకు అనుమానం. పైకప్పు దాటి పైకి పొడుచుకొచ్చే ట్యాంకులు, పిట్టగోడలు, చిమ్నీలు లాంటివాటిని బిల్డింగుకి వేసే భూకంప గుణకానికి ఐదు రెట్లు వేసి నిలబడతాయో లేదో చూడమంటుంది. నేల ఊపుని బిల్డింగ్ పైకి పోయేకొద్దీ పెంచి ఇస్తుంది కాబట్టి, పైన ఉన్న వస్తువుకి తగిలేది నేల మీది వస్తువుకి తగిలినంత కాదు.

మా ట్యాంకు లోపల నాలుగు మీటర్లు, మూడు మీటర్లు, నీళ్ళ లోతు మీటరున్నర. అంటే 18,000 లీటర్లు, 18 టన్నులు. ఆరంగుళాల కాంక్రీటు గోడలు, అడుగు స్లాబు, మూత కలిపితే ఇంకో 18 టన్నుల దాకా తేలింది. మొత్తం 36 టన్నులు నాలుగు పిల్లర్ల మీద, ఒక్కోదాని మీద 9. పిల్లర్లు 35 సెంటీమీటర్ల చదరం, 90 సెంటీమీటర్ల ఎత్తు, ప్లాస్టరింగ్ చేసి రంగు వేసి ఉన్నాయి. ఒక మూల ప్లాస్టర్ పెచ్చు ఊడిపోయింది. లోపల ఎర్రగా ఇటుక.

హైదరాబాద్‌కి జోన్ గుణకం 0.10. సాధారణ ఫ్రేము బిల్డింగుకి ఆర్ 3 అనుకుంటే గుణకం 0.042 వస్తుంది, ఐదు రెట్లు 0.21. ముప్పై ఆరు టన్నులకి ఏడున్నర టన్నుల పక్క తోపు, పిల్లర్‌కి 1.9 టన్నులు. తొమ్మిది టన్నులు మోస్తున్న పిల్లర్ నెత్తిన 1.9 టన్నులు పక్కకి తోస్తే, 90 సెంటీమీటర్ల కింద పాదం దగ్గర బరువు పనిచేసే చోటు మధ్యనుంచి 19 సెంటీమీటర్లు జరుగుతుంది. మధ్యనుంచి పిల్లర్ అంచుకి ఉన్న దూరం 17.5. అంటే కాగితం మీద ఆ పిల్లర్ పడిపోయినట్టే. పైన స్లాబు కొంత బిగించి పట్టుకుంటుందని దయతలచి సగానికి తగ్గించినా, ఇటుకకీ సిమెంటు మాలుకీ మధ్య లాగుడు తప్పదు, ఇటుక కట్టుబడి లాగుడుని తట్టుకునే రకం కాదు. ఇదంతా జోన్ 2లో. విజయవాడలో అయితే ఏడున్నర కాస్తా 12 టన్నులు అవుతుంది.

భూకంపం ఇలా ఒకవైపే పట్టుకుని తోసేది కాదు, సెకనులో చిన్న భాగానికి దిశ మారిపోతుంది, పిల్లర్ ఊగి మళ్ళీ కుదురుకోవచ్చు, ట్యాంకు అన్ని వేళలా నిండుగా ఉండదు అని మా సహోద్యోగి ఒకాయన వాదించాడు. మొదటి రెండు మాటలూ ఒప్పుకుంటాను. మూడోదానికి మాత్రం, 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 భూకంపం వచ్చి హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనం ఇళ్ళల్లోంచి బయటికి పరిగెత్తింది ఉదయం 7:27కి. మన వాచ్‌మన్లు మోటార్ వేసి ట్యాంకులు నింపేది ఆ వేళకేగా.

2001 జనవరిలో భుజ్ భూకంపం తర్వాత సన్నటి షాఫ్ట్ (బోలు కాంక్రీటు స్తంభం) మీద నిలబెట్టిన ఊరి ట్యాంకులు చాలావాటికి చుట్టూ పగుళ్ళు కనిపించాయి. పగుళ్ళు ఎక్కువగా షాఫ్ట్ పాదం దగ్గర, పైన నీళ్ళున్న గిన్నెకి కాదు. 1997లో జబల్‌పూర్‌లోనూ ఇలాంటిదే చూశారు. అవి గుండ్రటి పెద్ద ట్యాంకులు, మావి చిన్న దీర్ఘచతురస్రాలు, అయినా బలహీనత ఉన్న చోటు ఒకటే. ఆ ట్యాంకుల షాఫ్ట్‌లకి కనీసం ఇంజనీరు ఉన్నాడు, డ్రాయింగ్ ఉంది. టెర్రస్ మీది పిల్లర్లకి ఎవరున్నారు?

సింటెక్స్ ట్యాంకులు పెట్టుకుంటే గొడవ లేదు కదా అని అడుగుతారు. ట్యాంకు బరువు తగ్గుతుంది, నీళ్ళ బరువు తగ్గదు. పైగా వాటిని దేనికీ కట్టరు, ఇటుకలు పేర్చి పైన కడప బండ వేసి దాని మీద నిలబెడతారు. ఆ నాలుగు వరసల ఇటుకల్ని చూస్తే నాకు మా మేస్త్రీ పిల్లర్లే నయమనిపిస్తుంది.

"ఇక్కడ భూకంపాలేంటండీ"

మీటింగ్‌లో ఈ లెక్క చెప్పాక వచ్చిన మొదటి మాట ఇదే. దక్కన్ పీఠభూమి గట్టిది, మనకేం కాదు అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. 1967 మార్చిలో ఒంగోలు, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం కదిలాయి, పెద్ద నష్టం జరగలేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు. 1993 సెప్టెంబర్ 30న లాతూర్ జిల్లా కిల్లారిలో వేలమంది పోయారు, అది మనకి మరీ దూరమేమీ కాదు, అప్పటి మ్యాపులో అతి తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉండేది. 2002 మ్యాపులో జోన్ 1నే తీసేశారు. ఇదంతా చెప్పి జనాన్ని బెదరగొట్టడం నాకిష్టం లేదు, రేపే వస్తుందని నేను అనడం లేదు. మా బిల్డింగ్ తన ఆయుష్షులో గట్టి కుదుపు ఒక్కటి కూడా చూడకపోవచ్చు. కానీ సంపు గోడకి భూకంపం లెక్క కట్టించిన బిల్డర్‌కి భూకంపం వస్తుందన్న నమ్మకం కొంతైనా ఉన్నట్టేగా. ఆ నమ్మకం సెల్లార్‌లో ఉండి టెర్రస్ మీదికి వచ్చేసరికి ఎందుకు పోయింది?

పోయిందానికి కారణం నాకు తెలుసు. పర్మిషన్ డ్రాయింగులో సంపు ఉంటుంది, పై ట్యాంకు అంటే హెడ్‌రూమ్ మీద చుక్కల గీతల పెట్టె. కన్సల్టెంట్‌కి ఇచ్చేది ఫ్రేము డిజైన్‌కి ఫీజు, ఆ పెట్టె బరువుని పై స్లాబు మీద లోడుగా వేసుకుని ఆయన పని ముగిస్తాడు. ఆ పెట్టెకీ స్లాబుకీ మధ్య ఏముంటుందో ఆయన అడగడు, మేస్త్రీ చెప్పడు.

అసోసియేషన్‌కి నేను రెండు దారులు చెప్పాను. ఒకటి, ఇటుక పిల్లర్ల చుట్టూ కమ్మీ కట్టి కాంక్రీటు జాకెట్ పోసి, ఆ కమ్మీలని కింద హెడ్‌రూమ్ స్లాబులోని బీముల్లోకి డ్రిల్ చేసి బిగించి, నాలుగు పిల్లర్లనీ అడ్డ బీములతో కలపడం. రెండోది, ఆ ట్యాంకు తీసేసి, రెండు చిన్న ట్యాంకులు టెర్రస్ మీద కాలమ్స్ పైన పడేలా తక్కువ ఎత్తులో పెట్టి, చుట్టూ స్టీల్ ఫ్రేముతో బిగించడం. రెండోదే నయం, బరువు కిందికి దిగుతుంది, పాత ట్యాంకు గోడ పాదంలో ఉన్న తడి మరక పీడా పోతుంది.

ఐదో అంతస్తు వాళ్ళు ఒప్పుకోలేదు. అసలు ఆ పిల్లర్లు అక్కడికి వచ్చిందే వాళ్ళ కోసమట. ట్యాంకు హెడ్‌రూమ్ మీదే ఉండాలి, అదీ మూడడుగులు లేపి, లేకపోతే పై ఫ్లాట్లలో షవర్‌కి ప్రెషర్ రాదని బిల్డర్ చేత అప్పట్లో పట్టుబట్టి కట్టించారు. ఒక మీటరు ఎత్తుకి వచ్చే ప్రెషర్ 0.1 బార్, చిన్న బూస్టర్ పంపు అంతకి పదింతలు ఇస్తుందని చెప్పాను. పంపుకి కరెంటు బిల్లు ఎవరు కడతారన్న దగ్గర మీటింగ్ ఆగింది. ప్రస్తుతానికి ఒప్పించగలిగింది ఒకటే, ఫ్లోట్ వాల్వు దించి నీళ్ళు మీటరు లోతుకి మించకుండా పెట్టించాం. ఆరు టన్నులు తగ్గాయి. పైనున్న 30 టన్నులు అవే ఇటుకల మీద ఉన్నాయి, వచ్చే నెల మీటింగ్ ఎజెండాలో బూస్టర్ పంపు మూడో అంశం, లిఫ్ట్ మెయింటెనెన్స్ తర్వాత.